చేలో ఉయ్యాలలు

మా మిరపచేలో ఉయ్యాలలు కట్టొద్దని చెప్పింది నేనే.

కాయ కోతకు రాష్ట్ర సరిహద్దు అవతలి అడవి ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు ముఠాగా వస్తారు. చాలామందికి చంటిపిల్లలు. గట్టు మీది ఇప్పచెట్లకు పాత చీరలతో ఉయ్యాలలు కడతారు. పిల్ల ఏడిస్తే చేతిలో కాయ వదిలేసి పరుగెత్తుతారు. కూలి కోతకు గాని పాలివ్వటానికి కాదని నేను వాటిని విప్పించాను. పిల్లల్ని గుడిసెల దగ్గరే వదిలి రమ్మన్నాను. గుడిసెలు దూరం. అయినా పోవటం మానలేదు, రావటం ఇంకా ఆలస్యమైంది. నేను అరిచాను. మర్నాడు పొద్దున ముఠా మొత్తం పక్కనున్న గోపాలు చేలోకి దిగింది.

నా చేలో కాయ పండి ఎర్రగా వేలాడుతోంది. గోదావరి వైపు మబ్బు పడుతోంది. పండిన కాయ తడిస్తే మచ్చ పడుతుంది. మచ్చకాయను తాలు కింద తీసేస్తారు. ఏడాది కష్టం పోయినట్టే.

గోపాలు గట్టు మీద నిలబడి నవ్వాడు.

"ఏంది వెంకటప్పయ్యన్నా, చేల ఒక్క మనిషి లేదు? నీ నోరే తరిమిందా?"

"నీ చేలో ఎన్నాళ్ళుంటారో చూస్తాగా."

"ఉంటరే. ఇంట్ల మా ఆమె నా మీద అరుస్తది. మళ్ళ చేలకొచ్చి అరిచే ఓపిక నాకు యాడుంటది?"

నా భార్య పోయాక నా మీద అరిచేవాళ్ళు లేరు. నేనే మిగిలాను అరవటానికి.

కొడుకు అనిల్‌కుమార్ మణుగూరు గనుల్లో కాంట్రాక్టు పని చేస్తాడు, వారానికోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది నేనూ, కోడలు పద్మప్రియా, ఇంకా నడక రాని మనవరాలు లిఖితా. ఆ మధ్యాహ్నం అన్నం పెడుతూ కోడలు అంది:

"మామయ్యా, వాళ్ళను నేను తీసుకొస్తా. కోత అయ్యేదాకా చేను నాకొదిలెయ్యండి."

"పిల్ల ముడ్డి కడగటం వచ్చినంత మాత్రాన వ్యవసాయం వస్తదా?"

ఆమె గరిటెడు పప్పు వడ్డించింది. "మీరూ ఓసారి కడిగి చూడండి మామయ్యా, ఏమొస్తదో తెలుస్తది."

నేను కంచంలో చెయ్యి కడిగి లేచాను. దాన్ని ఆమె ఒప్పుకోలు కింద తీసుకుంది.

పిల్లను చంకనేసుకుని గుడిసెలకు వెళ్ళింది. కూలి ఒక్క రూపాయి పెంచలేదు. ఉయ్యాలలు కట్టుకోవచ్చంది. మా మామయ్య చేలోకి రాడు అని కూడా చెప్పింది. ముఠా పెద్ద జోగి, తన మనుషులతో తిరిగొచ్చింది.

నేను రోడ్డు ఇవతల కల్లంలో కూర్చుని చూశాను. పద్మప్రియ ముందుగా గట్టు మీద వేరుశనగ నూనె సీసా, మజ్జిగ బకెట్టు, సబ్బు పెట్టించింది. కాయ కోసిన చేత్తో తాకితే పిల్లకు ఒళ్ళు మంట. అందుకని తల్లులు ఇంతకుముందు బోరు దాకా పోయి చేతులు రుద్దుకునేవాళ్ళు. దాన్ని నేను బద్ధకం కింద లెక్కేశాను.

పిల్లలు ఏడ్చేదాకా ఆమె ఆగేది కాదు. "జోగక్కా, నీ మనవడు పిడికిలి నోట్లో పెట్టుకున్నాడు, వాళ్ళమ్మను పంపు," అని సాళ్ళ మధ్య నుంచే కేక వేసేది. గుక్క పట్టిన పిల్లను ఊరుకోబెట్టి తాగించేసరికి పొద్దు ఎక్కుతుంది. ఏడవకముందు తాగిన పిల్ల తాగుతూనే పడుకుంటుంది. ఉయ్యాలలన్నీ నిద్రపోయాక కోత నిప్పంటుకున్నట్టు సాగేది. తనూ ఒక సాలు పట్టేది.

ఒకరోజు ఇద్దరు ఒక సాలు కోసం జుట్లు పట్టుకున్నారు. నేనైతే ఇద్దర్నీ పొమ్మనేవాణ్ణి. ఆమె తప్పెవరిదని కూడా అడగలేదు. ఒకామెను బస్తాలు కుట్టటానికి పంపింది, ఇంకొకామెను నీళ్ళకు పంపింది. ఇంట్లో లిఖిత కత్తి పట్టుకుంటే లాక్కోదు, గరిటె చూపిస్తుంది. పిల్ల కత్తి దానంతటదే వదిలేస్తుంది.

కల్లంలో కాయ రాశులు పెరిగాయి. గోపాలు వచ్చాడు. నా పక్క నుంచే నడిచి గట్టు మీదికి పోయాడు.

"అమ్మా పద్మప్రియా, మీది అయినంక మా చేల మిగిలింది గూడ నువ్వే పట్టు. కోసుడు, ఎండబెట్టుడు, తాలు ఏరుడు, మొత్తం నీకే గుత్త."

తర్వాత ఇంకో ఇద్దరు రైతులు అదే మాట మీద వచ్చారు. మిరప పెట్టినప్పటి నుంచీ ఈ ఊళ్ళో అందరూ సలహాకు వచ్చేది నా దగ్గరికి. వాళ్ళు నన్ను మంచినీళ్ళు కూడా అడగలేదు.

మరుసటి రోజు మబ్బు కిందికి దిగింది. చేలో పడమటి చెక్క ఇంకా కొయ్యకుండా మిగిలే ఉంది. కల్లంలో కూర్చుని కాయలు విరిచి గింజ ఎండిందో లేదో చూస్తున్నాను. కూర్చోలేకపోయాను. ఎవరూ పిలవకుండానే చేలోకి దిగాను.

"జల్దీ, జల్దీ! వాన మీదికొచ్చింది కనపడట్లా?"

అవతలి చివర పద్మప్రియ తలెత్తింది. అప్పుడే ఉయ్యాలలో లిఖిత లేచి ఏడ్చింది. ఎత్తుకున్నాను. ముక్కు తుడిచాను. కళ్ళు తుడిచాను.

అంత కేక నేను ఏ పిల్ల నోటా వినలేదు.

"ఏం పెట్టారే పిల్లకు?" అని ఆడవాళ్ళ మీద అరిచాను.

జోగి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళు వాసన చూసింది.

"కాయ విరిచినవ్ తాతా?"

పద్మప్రియ పరుగెత్తుకొచ్చింది. అంత ఆదుర్దాలోనూ బకెట్టు దగ్గర ఆగింది. చేతులకు నూనె రాసింది, మజ్జిగలో ముంచింది, సబ్బుతో కడిగింది. అప్పుడు గాని పిల్లను అందుకోలేదు. కళ్ళల్లో నీళ్ళు పోసి, తన పాలు రెండు కళ్ళల్లోనూ పిండింది. నేను మొహం తిప్పుకున్నాను.

ఏడుపు సన్నబడ్డాక చూస్తే చేలో ఎవరూ కొయ్యటం లేదు. అందరూ నిలబడి ఉన్నారు. నవ్వినా బాగుండేది. జోగి కోడలు ఉయ్యాల ముడి విప్పుతోంది.

"రాడు అన్నవ్ గదా అమ్మా," అంది జోగి.

పద్మప్రియ నా వైపు చూసింది. కోపమైనా లేదు ఆ చూపులో.

"మామయ్యా, చేతులు కడుక్కోండి."

అంతమంది ముందు బకెట్టు మీదికి వంగాను. నూనె ఎంత రాయాలో తెలియలేదు. సబ్బు జారి మట్టిలో పడింది. తియ్యటానికి ఎవరూ వంగలేదు. నేనే తీసుకున్నాను.

తర్వాత సాలు వెంట నడిచి రోడ్డెక్కాను. గోపాలు కాయ రాశుల మీద కప్పే పరదాలు మోసుకుంటూ ఎదురొచ్చాడు.

"ఎటు పోతున్నవ్ అన్నా? పడమటి చెక్క అట్లనే ఉన్నది. చేల ఉండొద్దా?"

"నేనుంటే వాళ్ళు కొయ్యరు," అన్నాను.

ఎప్పుడూ నవ్వేవాడు ఆ పూట నవ్వలేదు. వెనక్కి తిరిగి చూశాను. జోగి కోడలు విప్పిన ముడి మళ్ళీ వేస్తోంది. ఒక్కొక్కరే మొక్కల్లోకి వంగుతున్నారు.