తెల్లబాఱిన సేన

ఆషాఢమాసాపరాహ్ణమున సముద్రగర్భమునుండి మదగజయూథమువలె లేచిన నీలజలదములు యారాడకొండ శిఖరము నాక్రమించి రేవునందలి యోడల పొగగొట్టములను క్రేనుల మెడలను మబ్బులో ముంచి విశాఖపట్టణమునంతయు పిండని తడిగుడ్డవలె దండెమున వ్రేలాడదీసియుండెను. గోడలు చెమర్చుచుండెను. అగ్గిపుల్ల గీచిన నంటుకొనదు. వేచిన యప్పడము విస్తరి చేరులోపలనే మెత్తబడును.

అట్టి యొక శనివారమున జ్ఞానాపురమందలి మేడమీది యొంటిగదిలో, రేవు కార్యాలయమున నోడల రాకపోకలు వ్రాసికొను గుమాస్తా వేమూరి కోదండపాణి బల్లదీపప్రభాభాసురుడై భూతద్దము తలకు కట్టుకొని యూపిరి బిగబట్టి యంగుళము పొడవుగల యొక సైనికుని కంటిలో నల్లచుక్క పెట్టుచుండెను. అతని యెదుట నట్టివారు నలువదిమంది బారులుతీరియుండిరి. అందఱును అరివీరభయంకరులే. కాని పిల్లి తోక విదిల్చినచో నొక్కమాఱే వీరస్వర్గ మలంకరింపగలవారు.

చదువరీ, ఇవి పసిపిల్లల బొమ్మలని నవ్వకుము. పెద్దవారు బల్లపై కొండలును కోటలును అమర్చి పాచికలు వేసి కొలబద్దతో నడుగులు కొలిచి పోరాడు యుద్ధక్రీడకై పోతపోసిన ప్లాస్టిక్ సేనలివి. రంగు వేయని సిపాయి బల్లయెక్కరాదనియు ఎవని సేనకు వాడే రంగు వేసికొనవలయుననియు ఆ యాటకాండ్రకు కట్టుబాటు. నంద్యాలనుండి యుద్యోగమునకై వచ్చిన యీ బ్రహ్మచారికి ఆ మహాపట్టణమున కూర్చుండుమని పీట వేయు చోటు ఒక్కటియే యుండెను. అది పిల్లా పైడిరాజు అను గడియారముల మరమ్మతుదారుని దుకాణము వెనుకగది. అచట ప్రత్యాదివారము పైడిరాజును మఱి ముగ్గురును ఈ క్రీడ నాడుచుండిరి.

క్రిందటి శ్రావణమున కోదండపాణి తన ప్రథమసేనతో నచటికి పోయెను. సీసాలోని రంగు సీసాలోనున్నట్లే దట్టముగా పులిమినందున యోధుల ముక్కులును మూతులును పూడిపోయెను. డాళ్లమీది మకరచిహ్నములు నీట నానవేసి కాగితమునుండి మెల్లగా జార్చి యంటించు పలుచని పొరబొమ్మలు. వాని క్రింద గాలి చిక్కి వెండిపొక్కులు లేచెను. పైడిరాజు చూచెను. ఊరకుండుట వాని జాతకమున లేదు.

"మాస్టారూ, ఈళ్లు యుద్ధానికొచ్చినారేటి, దోసెల పిండిలో పడి నెగిసొచ్చినారేటి? సూడండ్రా, ఒక్కడికీ ముక్కు నేదు! తుమ్మొస్తే ఏటి సేస్తారు పాపం!"

అందఱు నవ్విరి. కోదండపాణియు నవ్వెను. అందఱికంటె నెక్కువసేపు నవ్వెను. ఆ నవ్వు ఇంటివఱకును వచ్చెను గాని తలుపు గడియ వేసిన పిమ్మట లేకుండెను. ఎవడును నోరెత్తలేని సేనతో గాని ఆ గుమ్మము త్రొక్కనని యాతడు శపథము చేసెను.

పదునొకండు నెలలు గడచెను. రంగును పాలవలె పలుచన చేసి ఒక పూత యాఱిన పిమ్మటనే రెండవపూత వేయవలయునని తెలియుటకు రెండునెలలు పట్టెను. ఉడుపుల మడతలలో నీడరంగు పాఱించి మిట్టలపై వెలుగుగీత దిద్దుటకు మూడు పట్టెను. గరుకునేలపై నంటించుటచేతనే పొరబొమ్మక్రింద గాలి చిక్కుననియు, డాలును మొదట మెఱుగువార్నీషుతో నద్దమువలె నునుపు చేయవలయుననియు తెలియుటకు ఎన్ని మకరములు చినిగి నీటిగిన్నెలో మునిగెనో లెక్కలేదు. పైడిరాజు రెండుమాఱులు ఫోను చేసెను. ఆఫీసు పని యని యీతడు చెప్పెను. మూడవమాఱు ఫోను రాలేదు. క్రమముగా కోదండపాణి సిపాయిలకు పేర్లు పెట్టెను. ఎడమవరుసలోని మూడవవానితో సంభాషింప మొదలిడెను. వాడు బదులు పలుకకుండెను. అది వాని దోషము గాదు. వాని నోరు గీచినవాడును ఈతడే, మూసి గీచెను.

ఆ శనివారమున కంటిచుక్క పెట్టిన పిమ్మట మిగిలినది తుదిపని. మెఱుగు నణచుటకై డబ్బాలోని మెఱుగులేని వార్నీషును చిమ్మవలయును. తడిగాలిలో చిమ్మరాదని డబ్బాపై చీమతలకాయలంత యక్షరములలో వ్రాసియేయుండెను. సిపాయి కనుపాప దిద్దిన కన్నులు వానిని చదువలేదు. చూరుక్రింద నిలిచి నలువదిమందిపైనను చిమ్మెను. అరగడియలో వార్నీషు తేమను త్రాగి పొగమంచువలె తెల్లబాఱెను. ముక్కులు, కన్నులు, మకరములు సర్వమును మాసి సేనయంతయు విభూతి పూసికొన్న బైరాగుల గుంపయ్యెను.

కోదండపాణి యేడువలేదు. ఎవరికైన చెప్పవలెనని ఫోను తీసి పేర్లన్నియు జరపి చూచెను. నా సిపాయిలు తెల్లబడిరన్నచో అయ్యో యనువా రెవరు? ఆ దుఃఖమునకు భాష తెలిసినవారు ఆ పట్టణమున నలుగురే. వారే నవ్వినవారు.

మఱునాడు మిఠాయిపెట్టెలో దూది పఱచి సేనను పరుండబెట్టుకొని యాతడు బయలుదేరెను.

వెనుకగదిలో పైడిరాజొక్కడే యుండెను. బల్లపై రెండు సేనలు మోహరించియుండెను. ఆతడు పాచికలు వేసి "సచ్చేవురా!" యని యఱచి బల్ల చుట్టు తిరిగిపోయి ఎదుటి స్టూలుపై కూర్చుండి మరల పాచికలు వేసెను. గుమ్మమున నిలిచి కోదండపాణి కొంతసేపు చూచెను.

"మిగతావాళ్లేరండీ?"

పైడిరాజు త్రుళ్లిపడెను. "మాస్టారే! ఇన్నాళ్లకి దారి తెలిసిందేటి? ఇద్దరికి బదిలీలయిపోనాయి, ఒకడికి కవలపిల్లలు పుట్టీసినారు. తమరికేమో ఆఫీసు. అందుకే రెండేపులా నానే ఆడీసుకుంతన్నాను. వారం వారం ఓడిపోతన్నాను మాస్టారూ, గెలిసినోడు టీ కూడా ఇప్పించడు!"

కోదండపాణి పెట్టె విప్పెను. పైడిరాజు వంగి చూచెను. ఈమాఱు నవ్వలేదు.

"వానలో కొట్టీసినారా?"

"కొట్టాను. పదకొండు నెలలండీ," అనెను.

పైడిరాజు అరలోనుండి మెఱుగువార్నీషు తీసి సన్నకుంచెతో నొక్క సిపాయిపై తడిపెను. పొగమంచు కరగెను. మొదట డాలు, పిమ్మట మకరము, తుదకు ముఖము వెలికివచ్చెను. ఆతడు గడియారముల భూతద్దము కంటికి బిగించి చాలసేపు చూచెను.

"ఓలమ్మో, కంట్లో పాప కూడా ఎట్టీసినారు! ఈ బొమ్మ అంటించినట్టు నేదు మాస్టారూ, డాలుతోనే పుట్టినట్టుంది." అద్దము తీయకయే యడిగెను. "ఆయేళ నానన్న మాటకేనా రాడం మానీసినారు?"

కోదండపాణి దూదిని సవరించుచుండెను.

"నా నోరు ఊరుకోదని తెలుసు కదా. తిరిగి నాలుగు తిట్టీవలిసింది. ఇంత పనితనం గదిలో ఎట్టుకుని, ఒక్కరే సూసుకున్నారా?" పైడిరాజు లేచి ఎదుటి స్టూలును తువ్వాలుతో తుడిచెను. "మిగిలినోళ్లకి మెల్లగా పూసుకుందారి. కూకోండి. పాచికలు ముందు మీరే ఎయ్యండి."

తెల్లసేన చీకటిపడులోపల చిత్తుగా నోడెను. ఏకాంతము చేతి వణకు మాన్పగలదు, కంటికి సూక్ష్మము నేర్పగలదు. చేసినదానిని చూచి బాగున్నదని గాని బాగులేదని గాని పలుక నేరదు. బయట వాన కురియుచునే యుండెను. ఆ సాయంకాలమంతయు పైడిరాజు బల్లకు ఒక్కవైపుననే కూర్చుండెను.