మబ్బు నెత్తిన లేచిన మెరుపు

నేను ఒక కెమెరాను. జపానులో పుట్టాను, విజయనగరంలో పెళ్లిళ్లు తీస్తూ పెరిగాను. ఎదుట తాళి కడుతుంటే దాన్ని చూడడం మాని మనుషులు నా వైపు చూసేవారు. ఆ వింత నాకిప్పటికీ అర్థం కాలేదు. ఫొటోగ్రాఫరు కొత్తదాన్ని కొనుక్కుని నన్ను అమ్మేస్తే, భీమిలి కాలేజీలో ఫిజిక్సు చెప్పే కృపావతి చేతికి వచ్చాను.

చిన్నప్పుడు ఆమె సముద్రం మీద మబ్బు నెత్తి నుంచి ఒక మెరుపు ఆకాశంలోకి లేవడం చూసిందట. ఆ సంగతి స్టాఫ్ రూములో చెప్పినప్పుడు ఆమె సంచిలో నేనూ ఉన్నాను. ఆమె పైఅధికారి భానోజీరావు టీ తాగుతూ నవ్వాడు.

"మెరుపు పైకెక్కడమేటమ్మా? నిచ్చెన నువ్వేసావా?"

గదంతా నవ్వింది. కృపావతి సంచి పట్టీ బిగించి పట్టుకుంది. పగంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

ఆ తరవాత వర్షాకాలాలన్నీ కొండ మీదే గడిపాం. దూరాన సముద్రం మీద మబ్బు కడితే చాలు, నన్ను స్టాండుకు బిగించి కూర్చునేది. జ్వరాలు తెచ్చుకుంది, దోమలకు రక్తం ధారపోసింది. చివరికి ఒక అక్టోబరులో, చీకటి పడ్డాక, దూరపు మబ్బు శిఖరం నుంచి నీలి కాండం ఒకటి లేచి, పైన ఎర్రని కొమ్మలై విచ్చుకుంది. రెప్పపాటులో మాయమైంది. అయినా నేను పట్టేశాను. ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

భానోజీరావు ఈసారి నవ్వలేదు. "పరీక్షించాలి, ఇలా ఇవ్వమ్మా" అని నన్ను పట్టుకుపోయాడు. నెల తిరక్కముందే ఆ బొమ్మ అతడి పేరుతో పత్రికల్లో పడింది. ఆమె అడిగితే, "కాలేజీకే కదమ్మా పేరు. అందులో నీదేటి, నాదేటి" అన్నాడు.

విశాఖలో అతడికి సన్మానం పెట్టారు. నన్ను వేదిక మీద బల్లకెక్కించారు. అతడి ప్రసంగం ముగిశాక చివరి వరసలో కృపావతి లేచింది.

"మీరిది తీసినప్పుడు మబ్బు ఎక్కడుంది, సార్?"

"ఎక్కడేటి, సరిగ్గా నా నెత్తి మీదే. తడిసి ముద్దయిపోయాను. అయినా వదల్లేదు."

"నెత్తి మీద మబ్బుంటే దాని పైన లేచింది మీకెలా కనబడింది?"

అతడు మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. ముందు వరసలో ఎవరో పక్కున నవ్వారు. ఆ నవ్వు వరస వరసకీ పాకింది. అతడు నీళ్లు తాగుతూనే ఉండిపోయాడు. జాలి పడవలసిందని మీరంటారేమో. నేను పడలేదు. ఇంకాసేపు నవ్వితే బాగుండుననుకున్నాను.

కృపావతి వేదికెక్కింది. "నా కెమెరా" అని నన్ను తీసుకుంది. సార్ అనలేదు.

ఇప్పుడు నా కన్ను మసకేసి, ఆమె ఇంట్లో ఒక అరలో కూర్చున్నాను. పత్రికలు ఆ బొమ్మను ఆమె పేరుతో మళ్లీ వేశాయి. ఉరిమినప్పుడల్లా భానోజీరావు ఇంట్లో కిటికీలన్నీ మూయిస్తాడని విన్నాను.

మూయించనీ.