ముందు బెంచీలో ఫెస్టస్

ఆ ఆదివారం ఫెస్టస్ ముందు బెంచీలో కూర్చున్నాడు.

డీలియా చేతిలో టీ కప్పు గాల్లోనే ఆగిపోయింది. బాస్టన్‌లో ఇంకా తెల్లవారలేదు. వంటింటి బల్ల మీద తెరిచిన కంప్యూటర్‌లో ఐర్లండ్ పడమటి ఒడ్డున ఉన్న గ్లెనబెగ్ చర్చి కనిపిస్తోంది. బలిపీఠం పైన బిగించిన కెమెరా ఊరందరినీ ఎదురుగా చూపిస్తుంది. ఎవరు లావయ్యారు, ఎవరికి ఎవరితో మాటల్లేవు, కొత్త కోటు ఎవరిది, అన్నీ అక్కడివాళ్లకన్నా ముందు డీలియాకే తెలుస్తాయి.

ఒక్క ఫెస్టస్ మాత్రం ఎన్నడూ కనపడలేదు. అతను ఆమె అన్న. డెబ్భై దాటాయి. కుర్రతనం నుంచీ వెనక తలుపు దగ్గర, మగాళ్ల గుంపులో, టోపీ నేల మీద వేసి దాని మీద ఒక మోకాలు ఆన్చి పూజ వింటాడు. ఫాదర్ చివరి దీవెన ఇచ్చేలోపు బయటికి జారుకుంటాడు. వాళ్ల నాన్నదీ అదే చోటు, తాతదీ అదే చోటు. కెమెరా చూపు ఆ మూలదాకా పోదు.

"మీ అన్నయ్యేనా?" అంది కన్సెప్టా. పై వాటాలో ఉంటుంది. ఆమెదీ ఐర్లండే. మొగుడు పోయాక ప్రతి ఆదివారం సోడా రొట్టె పట్టుకుని కిందికి దిగి వస్తుంది.

"వాడే."

"మా వైపు మగాడు ముందు బెంచీదాకా వచ్చాడంటే పెళ్లికొడుకైనా అయ్యుండాలి, శవమైనా అయ్యుండాలి."

"వాడికి పెళ్లయింది" అంది డీలియా.

పూజ అయిన కాసేపటికి ఫోన్ చేసింది. వదిన బ్రీజ్ ఎత్తింది.

"వదినా, అన్నయ్య ముందు కూర్చున్నాడేం?"

"కూర్చున్నాడా? నేను చూడలేదే."

"నువ్వు పక్కనే ఉన్నావు వదినా."

"వెనక చలిగాలి కొడుతోందిట. ఉండు, ఆయనకిస్తా."

పుట్టినప్పటి నుంచీ ఆ గాలికి ఎదురు నిలబడ్డవాడికి ఇప్పుడు చలేసింది.

"చెప్పవే" అన్నాడు ఫెస్టస్.

"ఒంట్లో ఎలా ఉంది అన్నయ్యా?"

"నాకేం? దుక్కలా ఉన్నా."

"ఊళ్లో ఏమిటి?"

"కొత్త విశేషాలేమీ లేవు. వాన."

"రోజూనా?"

"నిన్న కాస్త తెరిపిచ్చింది. తప్పు చేశాననుకుందో ఏమో, మళ్లీ మొదలెట్టింది."

ఫోన్ పెట్టేశాడు.

డీలియాకు ఇది కొత్త కాదు. సముద్రం దాటినవాళ్లకు చెడ్డ కబురు ఫోనులో చెప్పకపోవడం ఆ ఇళ్లలో మర్యాద. అంత దూరాన ఉన్నది, బెంగపెట్టుకోవడం తప్ప ఏం చేస్తుంది పాపం! అమ్మ విషయంలోనూ అంతే. 'కాస్త పడిశం' అన్నారు. ఆ తర్వాత ఒక పొద్దున సాసేజీలు వేయిస్తూ కంప్యూటర్‌లో ఊరి రేడియో పెట్టుకుంటే, చావుకబుర్లలో అమ్మ పేరు చదివారు. 'అమెరికాలోని కుమార్తె డీలియా తీవ్ర దుఃఖంలో ఉన్నారు' అని కూడా చదివారు. తాను దుఃఖంలో ఉన్న సంగతి ఆమెకు అలా తెలిసింది. విమానం దిగి ఊరు చేరేసరికి సమాధి మీద పూలు వాడిపోయాయి. అక్కడ శవాన్ని ఎవరి కోసమూ ఆపరు.

ఈసారి అలా జరగడానికి వీల్లేదు.

వెళ్లడానికి టికెట్టు ఒక్కటే చాలదు. పిలవకుండా అమెరికా చెల్లెలు దిగిందంటే, అన్న పని అయిపోయిందని ఊరు ఖాయం చేసుకుంటుంది. ఫెస్టస్ జబ్బునైనా క్షమిస్తాడు గానీ ఆమెను క్షమించడు.

వారమంతా డీలియా రేడియో కట్టెయ్యలేదు. చావుకబుర్లు రాగానే పొయ్యి ఆపేసి విన్నది. అతని పేరు రాలేదు.

తర్వాతి ఆదివారం ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. ఫెస్టస్ వచ్చాడు. మళ్లీ ముందు బెంచీకే. మెడ చుట్టూ చొక్కా కాలరు వదులుగా వేలాడుతోంది. బెంచీ దగ్గర ఆగాడు. టోపీ తీశాడు. తలెత్తి సూటిగా కెమెరాలోకి చూశాడు.

కుడిచేతి చూపుడువేలు ఒక్కటి పైకెత్తాడు. దించాడు. కూర్చున్నాడు.

ఆ ఊరి దారుల్లో కారు నడిపే మగాడు ఎదురొచ్చినవాడికి స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపుతాడు. పలకరింపంటే అదే. రెండో వేలు లేపితే వాడికి ఓట్లు కావాలన్నమాట.

డీలియా లేచి మంచం కింద నుంచి పెట్టె లాగింది.

"ఏమన్నాడు?" అంది కన్సెప్టా.

"రమ్మన్నాడు."

"ఒక్క వేలితోనా? మా ఆయన కాపురం మొత్తంలో అంత మాట్లాడలేదు."

మరుసటి ఆదివారం ఫాదర్ వాక్యం చదువుతుండగా డీలియా పెట్టెతో సహా గ్లెనబెగ్ చర్చిలోకి వచ్చింది. వెనక తలుపు దగ్గర మగాళ్లు మోకాళ్లు జరిపి దారిచ్చారు. చక్రాల చప్పుడుకు ఊరంతా తల తిప్పింది. ఫెస్టస్ తిప్పలేదు. ఆమె వెళ్లి పక్కన కూర్చుంది. అటువైపు బ్రీజ్ చేతిలో జపమాల జారి కిందపడింది.

"వచ్చావా?" అన్నాడు బలిపీఠం వైపే చూస్తూ.

"వచ్చా."

"మంగళవారం కోస్తారుట. డబ్లిన్‌లో."

"ఎక్కడ?"

"గుండె."

"ఫోనులో చెప్పడానికేం?"

"బెంగపెట్టుకుంటావని."

"మరి ముందుకొచ్చి కూర్చున్నావే?"

ఫెస్టస్ టోపీని ఒళ్లో ఒక చుట్టు తిప్పాడు. "చూస్తావని."

డీలియా అతని మోచేయి పట్టుకుంది. అతను విడిపించుకోలేదు. ఆ కుటుంబంలో అది చాలా పెద్ద విషయం. బ్రీజ్ చూడనట్టు కిటికీ వైపు తిరిగింది.

ఆమె కోటు జేబులో ఫోన్ గరగరమంది. కన్సెప్టా. 'కనపడుతున్నావు. మీ అన్నయ్య బాగా చిక్కాడు. ఏమిటి సంగతి?'

డీలియా బెంచీ కింద చెయ్యి పెట్టి జవాబు కొట్టింది.

"ఏం రాశావు?" అన్నాడు ఫెస్టస్.

"కొత్త విశేషాలేమీ లేవని."

"మంచిది" అన్నాడు ఫెస్టస్. "వాన సంగతి కూడా రాయి."