పొగమంచులో పలికిన పేరు

హేమంతము పండి పాడేరు మన్యమునందలి గిరిశిఖరములన్నియు తుషారధవళావగుంఠితములై ఉదయభానునకు సైతము దారి యీయక నిలిచియుండెను. కాఫీతోటల మీదుగా పొగమంచు కాగుచున్న పాలవలె పొంగి లోయలను నింపి వలిసెపూల పసుపునంతయు మ్రింగివైచెను. ఆ దివ్యశోభను గాంచి మురియుటకు వచ్చిన జనసమూహములో ఇరువురు మాత్రము ఒకరి మొగమొకరు చూడక గుడారపు వాకిట కూర్చుండి టీ త్రాగుచుండిరి. అనగా ఆ యిరువురు దంపతులని చదువరి యిప్పటికే గ్రహించియుండును.

విశాఖపట్టణపు నౌకాశ్రయోద్యోగి నీలాద్రిరావు, వాని యర్ధాంగి హైమవతి. కొండగాలి సోకిన మనసులు చల్లబడునని హైమవతి యన్నగారు చెప్పిన మాటను నమ్మి వారు ఋతువున కొకమాఱు పర్యటనమునకు వెడలుచుండిరి. ఆ యన్నగారు బ్రహ్మచారి యనిన ఇంక వేఱుగ చెప్పవలసినదేమున్నది! గ్రీష్మమున మారేడుమిల్లి యడవిలోని కొయ్యగదియందు ఉక్కకు సైతము ఆమెయే కారణమని నీలాద్రిరావు విసుగుకొనెను. వర్షాకాలమున అరకు దాపున కొండనెక్కుచుండ ఆమె కాళ్లను జలగలు పట్టినపుడు వెనుదిరిగి చూడక ముందునకు సాగి, పైనుండి పరాయివారు వినునట్లు ఆమె లావును గూర్చి పరిహాసమాడెను. హైమవతియు తక్కువ తినలేదు. శరత్తున సీలేటి గట్టున గుడారము వేసినపుడు వాని ఖరీదైన బూట్లను ఏటిపాలుచేసి జారిపడినవని చల్లగా చెప్పెను.

అయినను ఆమె మనసు పూర్తిగా విఱిగియుండలేదు. విజయనగరమున వీణోపాధ్యాయినిగా ఉద్యోగము పిలిచి ఇచ్చుచుండ, ఈ కొండమీద మగడు ఒక్క మంచిమాట పలికినచో దానిని వదలుకొని కాపురము నిలుపుకొందునని ఆమె తనలో తాను నిశ్చయించుకొని వచ్చెను. అట్టిమాట రానియెడల ఎవరి దారి వారిదే.

మఱియొక సంగతి. హైమవతి పతినామోచ్చారణము మహాదోషమని నమ్మిన యింట పెరిగినది. ఆధార్ కేంద్రమున భర్తపేరడిగినను నోట పలుకక కాగితముపై వ్రాసి చూపిన యిల్లాలు ఆమె. అతడు మాత్రము ఆమెను పిలువవలసివచ్చిన "ఒసేయ్" అనును, లేదా చిటిక వేయును.

"ఇందులో పంచదార వేశావా అసలు?" అని నీలాద్రిరావు మొగము చిట్లించెను.

"వేశానండీ. మీ నోటికే తగిలుండదు."

అతడు గ్లాసును విసరికొట్టి చరచర లేచి లోయవైపు మంచులో కలిసిపోయెను. పోనీలెమ్మని ఆమెయు మూతి ముడుచుకొని కూర్చుండెను. కాని మంచు అంతకంతకు చిక్కనై గుడారపు త్రాళ్లు సైతము కానరాకపోవుటచే, ఆ వంక కొండచఱియ నిట్టనిలువుగా తెగియున్నదన్న మాట ఆమె తలపునకు వచ్చెను. కోపమును గీపమును మఱచి ఆమె పరుగెత్తెను.

"ఏమండీ! ఏమండీ!"

"ఏటే?" అని యొక మూలనుండి, "వస్తన్నానే, ఉండూ!" అని మఱియొక మూలనుండి, "ఇక్కడే ఉన్నాను కదేటి!" అని వెనుకనుండి కంఠములు మ్రోగెను. ఆమె మగడు తక్క కొండమీది మగలందఱును పలికిరి. అంతలో ఒక పెద్దరాయి దడదడ దొర్లి లోయలో పడిన చప్పుడు వినవచ్చెను. ఆ చప్పుడు చెవిసోకగానే ఆమె పుట్టింటి నియమమంతయు గాలికి ఎగిరిపోయెను.

"నీలాద్రీ! ఓ నీలాద్రీ!" అని ఆమె గొంతు చించుకొని అఱచెను.

ఎదుటనే, చేయి చాచిన అందునంత దాపున, ఒక బండచాటునుండి అతడు లేచి నిలిచెను. "బుద్ధుందా నీకు? నలుగురిలో పేరెట్టి పిలుస్తావా? పరువు తీసేశావు కదే!"

"ఇక్కడే ఉన్నారా? నా కేక వినపడలేదా?"

"వినపడింది. ఎంతసేపు అరుస్తావో చూద్దామని ఊరుకున్నాను."

"మరి ఆ రాయి?"

"నేనే తన్నాను. కాస్త భయపడితే దారికొస్తావని."

హైమవతి వానివంక తేఱిపాఱ చూచెను. ఇంతకాలము గుండెలో దాచుకొన్న ఆశ ఒక్కసారిగా చల్లారిపోయెను. ఏడ్పు వచ్చునేమో యని తానే జడిసెను గాని రాలేదు.

"దారికొచ్చాను నీలాద్రిగారూ. ఇక నా దారిన నేను పోతాను" అని ఆమె గుడారమునకు మరలి తన సంచిని భుజమున వేసికొని, కొండదిగుచున్న జీపులో చోటడిగి యెక్కెను.

జీపు కదలునంతలో మంచు పలుచబడెను. పైనుండి "ఒసేయ్! నిన్నేనే! ఆగవే!" అన్న కేకలు దిగివచ్చుచుండ డ్రైవరు బ్రేకుపై కాలుంచి వెనుదిరిగెను.

"అమ్మా, ఎవరో కేకేస్తన్నారు. మిమ్మల్నేనేటి?"

"నాకు పేరుంది బాబూ. పేరెట్టి పిలిస్తే ఆపు."

వాడు మంచివాడు గనుక నెమ్మదిగానే నడిపెను. హైమవతియు చెవియొగ్గియే కూర్చుండెను, కాదనుట యెందులకు? పైనుండి కేకలు మలుపుదాక వెంబడించెను. భార్య పేరు పలుకరాదని నీలాద్రిరావునకు ఏ పెద్దలును చెప్పియుండలేదు, ఏ యింటను నేర్పియుండలేదు. అయినను అతడు పలుకలేదు.