ముందు సీటు

చెల్లెలు సుమశ్రీ పోయినప్పుడు రజని ఏడవలేదు. కిందటి అక్టోబరులో డెంగీ జ్వరం పట్టుకుంది, ఆరో రోజుకు ప్రాణం పోయింది. సిరిసిల్ల నుంచి చుట్టాలంతా వచ్చి, పదకొండు రోజులుండి వెళ్లారు. పన్నెండో రోజు రజని అమీర్‌పేటలో అక్కాచెల్లెళ్లిద్దరూ నడిపిన టైలరింగ్ షాపు షట్టర్ ఎత్తింది. చెల్లెలు సగంలో వదిలేసిన జాకెట్టుకు హుక్కులు కుట్టి, ఇస్త్రీ చేసి, దాని తాలూకు అమ్మాయికి ఇచ్చేసింది. ఎదురు హాస్టల్‌లో ఉండి జావా నేర్చుకుంటున్న పిల్ల. "చిన్నక్క లేదా?" అని అడిగింది. "లేదు" అంది రజని.

తల్లి కాంతవ్వ మాత్రం ఊరుకోలేదు. ముగ్గురూ కలిసి బల్కంపేటలో ఒక గదీ వంటిల్లూ అద్దెకు తీసుకుని ఉండేవారు. ఇప్పుడు ఇద్దరే. "ఒక్కపారి ఏడ్వు బిడ్డా. లోపట పెట్టుకుంటె రాయైతది," అనేది కాంతవ్వ. రజనికి లోపల ఏదైనా ఉన్నట్టే అనిపించేది కాదు. రాయి అయినా బరువుండాలి కదా. పొద్దున షాపు తెరిచేది, కొలతలు తీసేది, కుట్టేది, మూసేది. నలభై ఒక్క ఏళ్ల మనిషి ఎనిమిది నెలలు అలాగే గడిపింది.

జూన్‌లో ఒక సాయంత్రం చక్రపాణి అనే ఆయన భార్య మంజుశ్రీ చేయి పట్టుకుని షాపు మెట్లెక్కాడు. నల్లకళ్లద్దాలు, చేతిలో కర్ర. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఇల్లు పంజాగుట్టలో. గ్లాకోమాతో మూడేళ్ల కింద చూపు పూర్తిగా పోయింది. సంచిలోంచి నాలుగు ప్యాంట్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"కింద అంచులు జర బిగువు చెయ్యాలమ్మా. చైన్ల పడుతున్నయ్."

"ఏం చైను సార్?"

"సైకిల్ చైను."

రజని తలెత్తి చూసింది. మంజుశ్రీ నవ్వింది. "ఇద్దరు తొక్కే పొడుగు సైకిల్ కొన్నడమ్మా. ముందల ఒకరు, వెనుక ఈయన. ముందల కూసునే దోస్తుకు బైపాస్ ఆపరేషన్ అయింది. నాకేమో సైకిలే రాదు. రెండు నెలల సంది ఇంట్ల ఒకటే గునుసుడు, సణుగుడు."

"నౌకరీ చేసినన్ని దినాలు కాల్వ కట్టల మీద సైకిల్ మీదనే తిరిగిన," అన్నాడు చక్రపాణి. "జీపు ఇస్తమన్నా ఎక్కలె. నీళ్లు ఎంత నిదానంగ పోతయో అంత నిదానంగ పోవాలె. గట్ల పోతెనే మజా."

రజని టేపు పట్టి అంచు కొలుస్తూ, ఏదో మాటకు మాటగా అంది. "చిన్నప్పుడు మాకు సుత సైకిల్ ఉండె సార్. బడికి నేనే తొక్కేదాన్ని. చెల్లె వెనుక కూసునేది."

"అంటె వెనుక మనిషిని పెట్టుకొని తొక్కుడు వస్తది నీకు!" చక్రపాణి గొంతు లేచింది. "ఆదివారం పొద్దుగాల వస్తవా అమ్మా? సాగర్ చెరువు చుట్టు ఒక్క రౌండ్."

కాదనాలంటే కారణం వెతకాలి. రజనికి వెతికే ఓపిక లేదు. "వస్త" అంది.

ఆదివారం ఆరు గంటలకు పంజాగుట్టలో బయలుదేరారు. హ్యాండిలూ బ్రేకులూ ముందున్న మనిషి చేతిలోనే ఉంటాయి. వెనుక మనిషికి పెడల్స్ తప్ప ఏమీ ఉండవు. కాబట్టి ముందున్నవాళ్లు నోరు మూసుకుని కూర్చోకూడదు. గుంత వస్తే గుంత అనాలి, మలుపొస్తే మలుపనాలి, ఆపే ముందు ఆపుతున్నానని చెప్పాలి. అవన్నీ దారికి సంబంధించిన మాటలు కాబట్టి రజనికి కష్టమనిపించలేదు. మొదట సైకిలు రెండు మూడుసార్లు తూలింది. ఖైరతాబాద్ వంతెన దిగేసరికి కుదురుకుంది.

నెక్లెస్ రోడ్డు ఎక్కగానే వెనుక నుంచి ప్రశ్న వచ్చింది.

"సాగర్ ఎట్లున్నదమ్మా?"

"నీళ్లున్నయ్ సార్."

"నీళ్లుంటయి గదా! ఏం రంగు?"

రజని ఒకసారి అటు చూసింది. రోజూ చీరలకు దారాలు జోడించే మనిషి. "నాచుపచ్చ దారం ఉంటది గద సార్. గది నాలుగుసార్లు ఉతికితె ఎట్లుంటదో గట్లున్నది."

చక్రపాణి పెడల్ తొక్కడం ఆపి గట్టిగా నవ్వాడు. "నాకు కనపడ్డది! ఒట్టు, కనపడ్డది! ఇంకేమున్నయ్?"

"కొంగలు. అయిదారు."

ఆ వారం అంతే. తర్వాతి వారమూ వెళ్లారు. ఆ పై వారమూ వెళ్లారు. ఆయనకు తొందరుండేది కాదు. గాలి మారిన చోటల్లా ఆపమనేవాడు, దిగి నిలబడేవాడు, మళ్లీ ఎక్కేవాడు. సాగర్ ఎట్లున్నదని అడిగేవాడు. రజని చెప్పేది. ఒకసారి నాచుపచ్చ, ఒకసారి పావురం మెడ రంగు. కొంగలు ఉంటాయి, ఒక పడవ పోతూ ఉంటుంది. ఆ మాటలు నోటికి వచ్చేశాయి. అటు తిరగకుండానే చెప్పేయడం ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియదు.

సెప్టెంబరు వచ్చింది. వినాయక నిమజ్జనం ఇంకా రెండు రోజులుంది. ఆ ఆదివారం కూడా ఆయన అడిగాడు, ఆమె చెప్పింది. "ఎప్పటి లెక్కనే సార్. నీళ్లు సాఫుగున్నయ్. కొంగలు కూసున్నయ్."

ఎప్పుడూ ఆగే చోట చాయ్ కోసం ఆగారు. చాయ్ బండి నడిపే విక్రమ్ గ్లాసులు అందించాడు. "విక్రమ్ భాయ్, ఇయ్యాల నీళ్లు మస్తు సాఫుగున్నయంట గదా," అన్నాడు చక్రపాణి సంతోషంగా.

"ఏం సాఫు సార్! నిమజ్జనానికి క్రేన్లు వరుసకు నిలవెట్టిండ్రు. బారికేడ్లు సుత కట్టిండ్రు. ఈడికెల్లి నీళ్లే సక్కగ కనవడ్తలెవ్వు."

"మరి కొంగలు?"

"కొంగలా? గీ మోతల కొంగలేడియి సార్?"

చక్రపాణి చాయ్ తాగకుండానే గ్లాసు దింపాడు. విక్రమ్ అటు వెళ్లాక నెమ్మదిగా అడిగాడు.

"ఎన్ని వారాల సంది, రజనమ్మా?"

"తెల్వది సార్. మూడో వారం నుంచి కావచ్చు."

"నేను ఇంటికి పోయి మా ఆవిడకు చెప్తా గా ముచ్చట్లు. ఆపరేషనైన దోస్తుకు ఫోన్ చేసి చెప్తా. కండ్లు లేనోడు గదా, ఏం చెప్పినా నడుస్తదనుకున్నవా?"

"గట్ల కాదు సార్." రజని కొలతలు చదివినట్టు ఒకే గొంతుతో చెప్పింది. "నేను చూస్తున్న. క్రేన్లు సుత చూసిన. చూసిందే లోపటికి పోతలేదు. మా చెల్లె పోయి పదకొండు నెలలాయె. గప్పటి సంది నాకు గిట్లనే ఉన్నది. కొంగ అన్నా, క్రేన్ అన్నా నాకేం ఫరక్ లేదు. మిమ్మల్ని మోసం చేద్దామని కాదు."

రోడ్డు మీద ఒక లారీ వెనక్కి వస్తూ కూత పెడుతోంది.

"వెనుక కూసునేదంటివి, ఆ చెల్లెనా?" అన్నాడు చక్రపాణి.

"ఊ. సుమశ్రీ. వెనుక కూసొని చెరుకు తినేది. పిప్పి నా జెడల ఉమ్మేది."

ఎన్నో ఏళ్లుగా గుర్తుకు రాని సంగతి. చెప్పాక కూడా రజనికి ఏమీ అనిపించలేదు. చక్రపాణి తల ఊపాడు.

"ఇగ నుంచి లేనిది చెప్పకమ్మా. నీకేం కనవడకుంటె ఏం లేదని చెప్పు. నాకు గదే చాలు. నడువు, పోదాం."

తిరుగు దారిలో ఆయనే అడిగాడు. "ఇప్పుడేమున్నది?"

"క్రేన్."

"తర్వాత?"

"క్రేన్."

"దాని తర్వాత?"

"ఇంకో క్రేన్ సార్."

చక్రపాణి నవ్వాడు. రజని నవ్వలేదు గానీ, బారికేడ్ దగ్గర మలుపు జాగ్రత్తగా తిప్పింది.

అక్టోబరులో సంవత్సరీకానికి తల్లీ కూతురూ సిరిసిల్ల వెళ్లారు. కాంతవ్వ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. రజని ఆమె ముఖం మీద నీళ్లు చల్లి, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది. తిరిగొచ్చిన ఆదివారం యథాప్రకారం సైకిల్ ఎక్కింది. అడిగినప్పుడల్లా "ఏం లేదు" అనే చెప్పింది. ఆయన సరే అనేవాడు.

నవంబరు చివర్లో చక్రపాణి గండిపేట చెరువుకు పోదామన్నాడు. ఇరవై కిలోమీటర్ల దూరం. చీకటి విడవకముందే బయలుదేరారు. మెహదీపట్నం, లంగర్‌హౌజ్ దాటి, మూడు చోట్ల ఆగి, టిఫిన్ తిని, చెరువు పక్క దారికి వచ్చేసరికి ఎండ ఎక్కింది. దారి ఖాళీగా ఉంది. నెమ్మదిగా తొక్కుతున్నారు.

"ఏమన్నున్నదా?"

"ఏం లేదు సార్."

ఇంకొంత దూరం పోయారు. రజని ఉన్నట్టుండి బ్రేక్ పట్టింది. చెప్పకుండా పట్టడం అదే మొదటిసారి. చక్రపాణి ముఖం వచ్చి ఆమె వీపుకు కొట్టుకుంది.

"ఏమైంది? గుంతనా?"

"కాదు సార్. ఉండుండ్రి." కాలు కింద మోపి నిలబడింది. "ఒకాయన థర్మకోల్ అట్ట మీద కూసొని చేపలు పట్టనీకి పోతుండు. తెడ్డు లేదు. చెప్పులు చేతులకు తొడుక్కొని నీళ్లు నెడుతుండు."

చక్రపాణి, "నిజమేనా?" అన్నాడు.

"నిజమే సార్. హవాయి చెప్పులు. ఒకటి నీలిది, ఒకటి తెల్లది. రెండూ ఎడమ కాలివే ఉన్నట్టున్నయ్. వంకర పోతుండు, మల్ల సక్కగ చేసుకుంటుండు. ఆ, ఇప్పుడు ఆగిండు. ఒక చెప్పు తీసి వీపు గోక్కుంటుండు."

వీపు గోక్కోవడం అయ్యాక ఆ మనిషి మళ్లీ కదిలాడు. వలకు కట్టిన ప్లాస్టిక్ డబ్బా దగ్గరికి చేరేదాకా రజని చెబుతూనే ఉంది. అతను వల పైకి లాగాడు. చిన్న చేపలు నాలుగు. వాటిని మళ్లీ నీళ్లలో వదిలేశాడు. అది కూడా చెప్పింది.

"ఇంకా?" అన్నాడు చక్రపాణి.

"గంతే సార్. ఇగ ఏం లేదు."

"మంచిది. పోదాం పా."

ఎండలో ఇరవై కిలోమీటర్లు తిరిగి తొక్కారు. దారి పొడుగునా గుంత, మలుపు, ఆపుతున్న అన్న మాటలే. ఇంటికొచ్చి రజని ఎప్పట్లాగే స్నానం చేసి, తిని, పడుకుంది.

సోమవారం పొద్దున మంచం దిగబోయి "అమ్మో!" అని కూలబడింది. కాంతవ్వ వంటింట్లోంచి ఉరికొచ్చింది.

"ఏమైందే? ఏమైంది బిడ్డా?"

"కాళ్లు. తొడలు పట్టేసినయే అమ్మా. మస్తు నొస్తున్నయ్."

ఏడాదిగా ఆ నోట నొప్పి అన్న మాట వినని కాంతవ్వ కొంచెంసేపు కూతురి ముఖంలోకి చూసింది. తర్వాత నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి తెచ్చి, నేల మీద కూర్చుని, ఆమె కాళ్లు ఒళ్లోకి తీసుకుంది. వేళ్లు పడ్డ చోటల్లా రజని మూలిగింది. "మెల్లగనే. ఆడ కాదు, కింద. ఆ, ఆడ." షాపు తెరిచే వేళ దాటిపోయింది. రజని లేవలేదు. నొప్పి ఎక్కడెక్కడ ఉందో తల్లికి ఒక్కో చోటే చెబుతూ పడుకుంది.