కాలి చప్పుడు

పైడమ్మ వేళ్లకు మళ్లీ బూడిద రాసుకుని, కాల్చిన జీడిపిక్కను రాతిమీద నిలబెట్టి చెక్కసుత్తితో తట్టింది. పెంకు రెండుగా విచ్చుకుంది. పప్పు విరగకుండా బయటపడింది. దాన్ని బుట్టలో వేసి ఇంకో పిక్క తీసుకుంది. ఏళ్ల తరబడి జీడిరసం తగిలి ఆ వేళ్ల కొనలు నల్లగా, మొద్దుగా తయారయ్యాయి. వేడన్నం కలిపినా ఆ వేళ్లకు వేడి తెలియదు.

"అత్తా" అని షెడ్డు గుమ్మంలోంచి పిలుపు వినబడినా ఆమె తలెత్తలేదు. ఆ గొంతు ఎవరిదో తెలుసు. అన్న మల్లేశ్వరరావు కూతురు దేవి.

"నాన్నని సాయంత్రం బండికి విశాపట్నం తీసుకెల్తన్నాం. కిడ్నీలు రెండూ పోనాయి, ఇక్కడ మా వల్ల కాదన్నారు. ఒకపాలి సూసెల్లు అత్తా."

"నాకు పనుంది."

"నీకు పని లేందెప్పుడు?"

పైడమ్మ సుత్తి ఆపింది. "నాన్న పంపినాడా, నువ్వే వచ్చినావా?"

"పంపినోడి గురించి అడుగుతావు గానీ పోతన్నోడి గురించి అడగవేటి?" అంది దేవి. చున్నీ తలమీదకు లాక్కుని ఎండలోకి వెళ్లిపోయింది.

పక్కపీట మీద కూర్చున్న రత్నాలమ్మ నిట్టూర్చింది. "ఎల్లి సూసిరాయే. సొంత అన్న. ఇప్పుడు కూడా పంతమేటే?"

"నువ్వు పిక్క సూసి కొట్టు. ఏలు సితుకుద్ది."

పైడమ్మ ఎవరినీ సాగనంపడానికి వెళ్లదు. పెళ్లయి కూతురు అత్తారింటికి బయల్దేరిన రోజున కూడా పొయ్యి ముందే కూర్చుంది. వెళ్లొస్తామన్నవాళ్ల మాట ఆమె నమ్మదు. అసలు ఏ మాటా ఒక పట్టాన నమ్మదు. బస్సులో కండక్టరు ఊరి పేరు చెప్పినా పక్కవాళ్లను మళ్లీ అడుగుతుంది.

అన్నతో మాట్లాడక చాలా ఏళ్లయింది. అక్కుపల్లి దారిలో ఉన్న వాళ్ల ఊళ్లో అమ్మవారి సంబరానికి కర్రసాము బావా బావమరుదులే ఆడాలి. తిట్టుకున్నా కొట్టుకున్నా మనసులో పెట్టుకోకూడని వరస అదొక్కటేనని పెద్దల మాట. పైడమ్మ తండ్రి సాము నేర్పే గురువు. తన కొడుకు మల్లేశ్వరరావునీ, అల్లుడు, అంటే పైడమ్మ మొగుడు కృష్ణారావునీ ఆయనే జంట కట్టాడు. దెబ్బలన్నీ ముందే అనుకున్నవి. కొట్టేవాడు కర్ర విసిరేముందు కాలు నేలకేసి కొడతాడు. కుడికాలైతే దెబ్బ ఒకవైపు, ఎడమకాలైతే ఇంకోవైపు. ఎదుటివాడు ఆ కాలు చూసుకుని తన కర్ర అడ్డం పెడతాడు. జనానికి ఇదేమీ పట్టదు. వాళ్ల కళ్లు గిరగిరా తిరిగే కర్రమీదే ఉంటాయి.

ఒక ఏడు సంబరంలో మల్లేశ్వరరావు కర్ర కృష్ణారావు ఎడమ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు పైడమ్మకు వినబడలేదు గానీ మొగుడి నోరు తెరుచుకోవడం కనబడింది. ముందురోజే జీడితోట గట్టు దగ్గర వాళ్లిద్దరూ ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకున్నారు. భుజం వంకరగా అతుక్కుంది. కొబ్బరిచెట్లెక్కి కాయ దింపడమే కృష్ణారావు బతుకు. మరుసటి ఏడు చెట్టు మీంచి పడి చనిపోయాడు. భుజంలో పట్టు తప్పిందన్నారు అందరూ. పట్టు తప్పించింది ఎవరో పైడమ్మ ఎవరితోనూ అనలేదు. అన్నను అడగనూ లేదు. అడిగితే కాదంటాడు. కాదంటే నమ్మాలో వద్దో ఎలా తెలుస్తుంది? ఊరు వదిలి పలాస వచ్చి ఈ షెడ్డులో చేరింది.

మధ్యాహ్నం పప్పు బుట్ట పట్టుకుని కాటా గదికి వెళ్లింది. యజమాని కూతురు తనూజ డిగ్రీ అయ్యాక అక్కడ తూకం చూస్తోంది. పైడమ్మ వంగి కాటా ముల్లు వైపు కన్నార్పకుండా చూసింది.

"నేనేటీ తినేయనులే పిన్నీ" అని నవ్వింది తనూజ. ఆమె కళ్లు మాత్రం మూలనున్న టీవీ మీద ఉన్నాయి. జపాను వాళ్లు గీసిన బొమ్మలకు తెలుగు మాటలు పెట్టారు. ముళ్లలాంటి జుట్టున్న ఇద్దరు కుర్రాళ్లు కొండల మధ్య గాలిలో తేలుతూ కొట్టుకుంటున్నారు. ఒక్కో గుద్దుకీ కొండ పగులుతోంది. మనిషి మాత్రం మళ్లీ లేచి వస్తున్నాడు.

పైడమ్మ వెళ్లబోయి ఆగింది. "ఈడి కాలు నేలమీద ఆనదేటి?"

"ఎగురుతున్నాడు గదా."

"నేల తన్నకపోతే బలం ఎక్కడినుంచొత్తాది? కాలు లేకపోతే దెబ్బ ఎటొత్తందో ఎదటోడికెలా తెలుత్తాది? అంతా దొంగాట."

"బొమ్మ పిన్నీ అది! నిజం కొట్లాటైతే ఒక్క గుద్దుకే అయిపోద్ది, ఇంకేటి సూత్తాం? అయినా మీ ఊరి సాము మాత్రం నిజమేటి? అదీ ముందు అనుకుని ఆడిందే గదా. ఆళ్లు పెన్సిల్‌తో గీసినారు, మీయోళ్లు కర్రతో గీసినారు."

"అనుకుని కొట్టినా తగిలితే నిజమే" అంది పైడమ్మ.

ఆ గొంతుకు తనూజ ఒకసారి ఇటు తిరిగింది. అంతలో బొమ్మలో కదలిక ఆగిపోయింది. "సూడు, సూడు. ఇక్కడే ఉంది మజా. దెబ్బ పడేముందు కొట్టేవోడ్ని సూపించరు. తినేవోడి కళ్లు సూపిత్తారు. ఆడికి కనబడిందా లేదా అన్నదే అసలు కొట్లాట."

తెరనిండా రెండు కళ్లు నిలిచాయి. పైడమ్మ ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని ఆ కళ్లనే చూస్తూ ఉండిపోయింది.

సంబరం నాడు తానూ కర్రనే చూసింది. గురువు కూతురై ఉండి, ఊరి జనంలాగే. మొగుడి కళ్లు చూడలేదు.

షెడ్డులోకి వచ్చి కూర్చున్నా చేయి సాగలేదు. ఆ సంబరానికి ముందు నెలల్లో కృష్ణారావు అన్నం తింటూ కోడిలా తల పక్కకు తిప్పేవాడు. ఎడమవైపు పెట్టిన కూర చూడకుండా కూర ఏదని అడిగేవాడు. మేకుకున్న తువ్వాలు కోసం చేయి చాస్తే గాలి చేతికొచ్చేది. మెడ పట్టేసిందన్నాడు. ఏ మాటా నమ్మని తాను ఆ మాట నమ్మింది. రోజూ ఆ మెడకు నూనె రాసింది.

ఆమె ఎడమ కన్ను మూసుకుని పిక్కను రాతిమీద పెట్టి కొట్టింది. సుత్తి పక్కకు పడింది. మళ్లీ కొట్టింది. పప్పు నుగ్గయింది.

"ఓలమ్మా, పిక్కకి కన్ను కొడతన్నావేటే?" అంది రత్నాలమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. పైడమ్మ నవ్వలేదు. లేచి బూడిద దులుపుకుని, పొద్దుండగానే షెడ్డు దాటింది.

పలాస స్టేషనులో మల్లేశ్వరరావు బెంచీ మీద ఒక్కడే ఉన్నాడు. దేవి టిక్కెట్ల కోసం వెళ్లింది. అంత ఉక్కలోనూ అతను దుప్పటి కప్పుకున్నాడు. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టక పక్కకు తీసి పెట్టుకున్నాడు. పక్కన స్టీలు గ్లాసులో నీళ్లున్నాయి. పైడమ్మ రాగానే ఆ గ్లాసు ఎత్తి నాలుక తడుపుకుని, మళ్లీ జాగ్రత్తగా దించాడు. రోజుకింతేనని డాక్టరు కొలత పెట్టాడట.

"వచ్చినావా?" అన్నాడు.

ఆమె కూర్చోలేదు. "మీ బావకి ఎడంకన్ను కనబడేది కాదా?"

అతను పట్టాల వైపు తల తిప్పాడు. "ఎవలు సెప్పినారు?"

"ఎవలూ సెప్పలేదు. నిజమా, కాదా?"

"నీకు సెప్పొద్దన్నాడు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "కన్ను లేనోడ్ని సెట్టెక్కనిత్తారా? సాము మానేత్తే ఎందుకు మానేసినాడని ఊరంతా అడుగుద్ది. గట్టు కాడ అరుచుకున్నది కూడా అందుకే. నేనాడనంటాను, ఆడు ఆడాలంటాడు. సివరికి, కాలు గట్టిగా కొడతాను, సప్పుడు ఇని తప్పుకో అన్నాను. కళ్లంలో ఆడి సూసుకున్నాం కూడా. బాగానే తప్పుకున్నాడు. సంబరం నాడు పక్కూరి డప్పులు కూడా దిగినాయి. ఇనబడలేదు."

పైడమ్మ అతని మొహం వెతికింది. చిన్నప్పుడు అబద్ధమాడితే పైపెదవి ఒక పక్కకు లాగేది. ఇప్పుడా మొహమంతా నీరుపట్టి నునుపెక్కింది. ఏమీ దొరకలేదు.

"ఆయన పోయినాకైనా సెప్పొచ్చు గదా."

"సెప్తే నన్ను నేను కాపాడుకోడానికి సెప్పినానందువు."

అని ఉండేది. ఇప్పుడూ లోపల ఎక్కడో అదే అంటోంది. దాన్ని నోటిదాకా రానివ్వలేదు.

"నాకు తెలిసుంటే సెట్టెక్కనిచ్చేదాన్ని కాదన్నా."

"అందుకే సెప్పొద్దన్నాడు."

బండి కూత వినబడింది. దేవి పరుగున వచ్చి సంచులు అందుకుంది, చెప్పులు సంచిలో కుక్కింది. పైడమ్మ అన్న చంకలో చేయి వేసి లేపింది. సాము ఆడిన ఒళ్లు. లోపలేమీ లేనట్టు తేలికగా లేచింది. పెట్టె మెట్టు దగ్గర అతని కాలు తడబడింది.

"కుడికాలు ముందెట్టు" అంది.

అతను కుడికాలు ముందు పెట్టాడు. దేవి పైనుంచి లాగింది. కిటికీ దగ్గర కూర్చుని చువ్వల మధ్య నుంచి వేళ్లు బయటపెట్టాడు. "ఎల్లొత్తాను పైడీ."

"ఎల్లిరా" అంది ఆమె. ఆ మాట ఆమె నోటినుంచి ఎవరూ విని ఉండరు.

వెళ్లొస్తానన్న మల్లేశ్వరరావు మళ్లీ రాలేదు. తర్వాత దేవి ఫోను చేస్తే ఆ కబురు తనూజ షెడ్డులోకి వచ్చి చెప్పింది. కానీ ఆ సాయంత్రానికి అదింకా జరగలేదు. చివరి పెట్టె మలుపు తిరిగే దాకా పైడమ్మ నిలబడి, వెనక్కి తిరిగింది. బెంచీ మీద అతను మరిచిపోయిన స్టీలు గ్లాసు ఉంది, అంచు మీద పెదవుల తడి ఆరకుండా, బండి అదురుకు లోపలి నీళ్లు ఇంకా సన్నగా వణుకుతూ.