మన్ను పిలిచిన పేరు

మంథని తాలీంల పొద్దున్నే మన్ను తవ్వి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి మెత్తగ చేసుడు నాగవ్వ, ఆమె బిడ్డ సక్కుబాయి పని. ఆ మన్నుల కుస్తీ పట్టుడు మొగోళ్ల పని. ఉస్తాదు నాగవ్వ పెనిమిటి మొండయ్య. తీర్పు మాత్రం మన్నుదే. ఎవని రెండు భుజాలు నేలకానితే వాని పేరు పిలిచి, ముసలి గొంతుతోని ‘చిత్’ అనేది. నిజాం కాలంల అట్లనే అన్నది, రాజ్యం మారినంక అట్లనే అన్నది. దాని మాటకు తకరారు లేదు.

ఆ ఏడు హోలీ తెల్లారి జమ్మికుంట పహిల్వాన్ కైలాసం వచ్చిండు. నలుగురిని చిత్ చేసి, తొడ చరిచి, గోదా చుట్టు తిరిగిండు.

“నాకు జోడున్నడా గీ ఊర్లె?”

“నేనున్న” అని సక్కుబాయి కొంగు దోపుకొని దిగింది. పదిహేడేండ్ల పిల్ల.

జనం గొల్లున నవ్విండ్రు. కైలాసం మీసం దువ్విండు.

“జోడంటే కుస్తీకా పిల్లా, పెండ్లికా?”

మొండయ్య మొఖం నల్లబడ్డది. బిడ్డను బెదిరించి బయటికి పంపాల్నని అరిసిండు.

“చిత్ చేస్తే పెండ్లాంగ తీస్కపో!”

గోదా కాడ ఉస్తాదు అన్నమాట వెనుకకు రాదు. అన్నంక యాదికొచ్చింది ఆయనకు. కైలాసంకు అప్పటికే ఇద్దరు పెండ్లాలు. నాగవ్వ చేతిల మజ్జిగ కుండ జారి పగిలింది.

సక్కుబాయి రెండుసార్లు కైలాసం పట్టు విడిపించుకున్నది. మూడోసారి కైలాసం ఎత్తేసిండు. రెండు భుజాలు నేలకానినయి. అందరు చూసిండ్రు. నాగవ్వ చూసింది.

మన్ను పలుకలే.

కైలాసం ఆమె మీద మోకాలు పెట్టి అదిమి, మన్నును గద్దించిండు. “చెప్పు!”

పలుకలే.

లేసి నిలబడి నేలను కాలితోని తన్నిండు.

“ఆడిది కింద, మొగోడు మీద! కనవడ్తలేదా?”

“కైలాసం చిత్” అన్నది మన్ను.

నిలబడ్డోడు నిలబడ్డట్టే ఉన్నడు. చెయ్యి వెనుకకు పెట్టి తడుముకున్నడు. మెడకెల్లి నడుము దాక వీపంత మన్నే.

ఎవ్వరు నవ్వలే. కైలాసం అంగీ భుజాన ఏసుకొని పెద్దపల్లి బస్సెక్కిండు.

ఇంటికొచ్చినంక నాగవ్వ దండెం మీది ధోతి తీసి నడిమికి పర్రున చింపింది.

“ఓయ్! నా పండుగ ధోతే అది!” అన్నడు మొండయ్య.

“లంగోటకు” అన్నది. “చీరెతోని ఎన్నిసార్లు దిగుతది?”



సక్కుబాయిని దగ్గరికి గుంజి నడుముకు కొలత పెట్టింది నాగవ్వ.